దాలమ్మ బొట్టు

ఆదివారం పొద్దున్న దాలమ్మ గుమ్మంలో కూర్చుని నెత్తళ్ళ చేపలు కడుగుతోంది. వారమంతా చేపల తట్ట నెత్తిన పెట్టుకుని, ఆటో ఎక్కి విజయనగరం వెళ్ళి, వీధి వీధీ అరిచి అమ్ముకొచ్చే మనిషి. ఈ ఒక్క పూట మాత్రం ఎవరు పిలిచినా కదలదు. విశాఖపట్నంలో సీరియళ్ళకి బొమ్మలు గీసే కంపెనీలో పనిచేసే కూతురు ఉష నిన్న సాయంత్రమే వచ్చింది. దానికి మామిడికాయ వేసిన నెత్తళ్ళ పులుసంటే ప్రాణం.

దాలమ్మ నుదుట రూపాయి బిళ్ళంత ఎర్ర స్టిక్కరు బొట్టు. ఆ బొట్టు మీద జాలరిపేటలో నడవని మాట లేదు. మొగుడు గంగులు ఆరేళ్ళ కిందట వేటకెళ్ళాడు. తుఫాను తగ్గాక పడవ చెక్కలు ఒడ్డుకొచ్చాయి, మనిషి రాలేదు. శవాన్ని చూడందే బొట్టు తియ్యనని దాలమ్మ ఆ రోజే కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. ఇంట్లో ఎవరైనా కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే, "బతికున్నోడికి ఏడుస్తారేటి?" అని విరుచుకుపడేది. అప్పటికి ఉషకి పదహారేళ్ళు.

"ఒలే దాలమ్మా! నీ పులుసు తగలెయ్య, ముందు నీ కూతురు ఒండిన కూర సూడు!"

లక్ష్మణమ్మ. గంగులికి అక్క, దాలమ్మకి ఆడపడుచు. పరుగున వచ్చిందేమో రొప్పుతోంది. చేతిలో ఫోను.

"ఏటి వదినా, పొద్దున్నే ఈ గోల?"

"జపానోల్ల బొమ్మల సీరియల్లో నిన్ను ఎట్టింది నీ కూతురు. పేటంతా సూసీసినాది. నువ్వొక్కదానివే సూడనేదు."

ఆ సీరియల్ పేరు దాలమ్మకి తెలీదు గానీ, తుఫానులతో పోట్లాడే పొట్టిజుట్టు పిల్ల బొమ్మ తెలుసు. విజయనగరం కాలేజీ పిల్లల చొక్కాల మీదా, ఆటోల వెనకా అదే. ఆ సీరియల్‌కి కొంత బొమ్మల పని ఉష కంపెనీలోనే జరుగుతుంది. అందులో ఒక సరదా ఉంది. ప్రతి భాగంలోనూ జనంలో ఎవరో ఒకరిని దాచిపెడతారు. చూసేవాళ్ళు ఆపి ఆపి వెతుక్కుని, దొరగ్గానే ఫోన్లలో పంచుకుంటారు. పోయిన వారం రేవు సంతలో ఒకామె దొరికింది. చీర కట్టు, నెత్తిన చేపల తట్ట. ఈమె మన ఉత్తరాంధ్ర ఆవిడే అని లోకమంతా ఊగిపోయింది.

దాలమ్మ చెయ్యి చీరకి తుడుచుకుని ఫోనందుకుంది. తెర మీద సంత. జనం మధ్య నుంచి ఒకామె నడిచొస్తోంది. తట్టకి కుడిపక్క అంచు చిరిగి ఉంది. మోచేతి కింద తేలు పచ్చబొట్టు.

"ఓలమ్మా, నానే!" అంది దాలమ్మ. ముసిముసిగా నవ్వింది కూడా. మరుక్షణం ఆ నవ్వు ఎటుపోయిందో. బొమ్మ నుదుటి మీద ఏమీ లేదు. బోసిగా ఉంది.

"సూసావు కదా," అంది లక్ష్మణమ్మ. "కన్నకూతురే తీసీసినాది. మరింక మనకి అడ్డమేటి? వచ్చే అమాసకి దర్భలతో మడిసి బొమ్మ కట్టి, తగలెట్టి, తమ్ముడి కర్మ సేసీద్దాం. పెద్దలకి సెప్పీసాను. పది గంటలకి వస్తారు."

"ఏ నోటితో అన్నావు వదినా ఆ మాట?"

"ఈ నోటితోనే! నీకు మొగుడైతే నాకు తోడబుట్టినోడు కాడా? నీల్లిచ్చే దిక్కు నేక ఆ గాలి ఎక్కడ తిరగతన్నాదో! ఆరేల్లు నీ పంతానికి నోరు మూసుకున్నాను. ఇంక నా వల్ల కాదు." లక్ష్మణమ్మ ఫోను వెనక్కి లాక్కుంది.

ఈ రాద్ధాంతానికి ఉష బ్రష్షు నోట్లో పెట్టుకునే బయటికొచ్చింది. అత్త చేతిలో ఫోను చూడగానే దానికి అంతా అర్థమైంది.

దాలమ్మ లేచిన విసురుకి నెత్తళ్ళ గిన్నె బోర్లాపడింది.

"నా బొట్టేదే?"

"అమ్మా, ఇను..."

"నా బొట్టేదే అంటన్నాను!"

ఉష నోరు కడుక్కుని వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. "నాను ఎట్టాను. ఒట్టమ్మా. నీ బొట్టు నేకండా నిన్ను గీయడం నాకు సేతనవదు. రంగులేసీకాడ, బొమ్మ మీద పడ్డ మచ్చల్ని తుడిసీసే పనుంటాది. ఎర్రసుక్క కదా, మచ్చ అనుకుని ఆల్లు తీసీసారు. ఆల్లకేటి తెలుస్తాది?"

"ఆల్లకి తెలీదు. నీకు తెలుసు కదే! సూసావా నేదా?"

"పోయిన ఆదివారమే సూసాను."

"సూసీ ఊరుకున్నావా? తల్లిని ముండమోసినదాన్ని సేసి ఊరంతా తిప్పతంటే, నా ఎదుట కూకుని అన్నం ఎలగ తిన్నావే రాత్రి?"

"సెప్తే ఇదిగో, ఇలగ అవుతాదనే సెప్పనేదు!" ఉష కూడా గొంతు పెంచింది. అది దాలమ్మ కూతురు, ఎంతకని తగ్గుతుంది?

లక్ష్మణమ్మ మధ్యలో దూరింది. "మచ్చా నేదు, గిచ్చా నేదు. అడ్డంగా మాటాడకే గుంటా. సదువుకున్నదానివి, తిన్నగా సెప్పు. మీ అయ్య ఉన్నాడా, నేడా?"

ఉష తల్లి వైపు చూసింది. దాలమ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఆరేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్న అది.

"నేడు," అంది ఉష. "అయ్య సచ్చిపోనాడు. నాకు పదారేల్లప్పుడే తెలుసు. రోజూ ఆయన కంచం కడిగి బోర్లిస్తావు. ఆయన లుంగీలు ఉతికి ఆరేస్తావు. ఎన్నేల్లమ్మా? అయ్య రాడు! ఇంక రాడు!"

చెంప చెళ్ళుమంది. పక్కింటి వాళ్ళు గోడ మీంచి తొంగిచూసి తలలు దించేసుకున్నారు.

"ఆ మాటనడానికా నిన్ను సదివించాను? ఇలగియ్యి వదినా, నా మొహం నాకు ఇంకోపాలి సూపించు. నా కూతురు నన్నేం సేసిందో కల్లారా సూసుకోనియ్యి!" దాలమ్మ ఫోను లాక్కుంది. తడివేలు తెర మీద ఎక్కడో తగిలింది. బొమ్మ కదిలి, రెండడుగులు ముందుకొచ్చి ఆగిపోయింది.

దాలమ్మ నుదురే చూసింది ముందు. తర్వాత ఆమె చూపు ఆ తట్ట పక్క నుంచి వెనక్కి పోయింది. దూరంగా పడవల దగ్గర్నుంచి ఒక మనిషి వస్తున్నాడు. భుజం మీద తెడ్డు, తలకి తువ్వాలు. తువ్వాలు నీడలో మొహం లేదు. దాలమ్మ వీడియోని వెనక్కి జరిపింది, మళ్ళీ నడిపించింది. ఆ మనిషి ఎడమకాలు ఇసకలో లాగుతున్నాడు.

పెళ్ళయిన కొత్తలో పడవ దించుతుంటే గంగులి ఎడమపాదం దాని కింద నలిగిపోయింది. ఆ కాలు లాగుడుని దాలమ్మ చీకట్లో చప్పుడుని బట్టి కూడా పోల్చేది.

"ఉషా, ఈ మనిసెవరే?"

లక్ష్మణమ్మ వంగి చూసింది. చూసి, "ఓలమ్మో, నా తమ్ముడే!" అని అక్కడే గుమ్మం మీద కూలబడిపోయింది.

"సచ్చిపోనాడన్నావు కదే ఇప్పుడే?" దాలమ్మ గొంతులో కోపం ఇంకా అలాగే ఉంది. "మరి ఇదేటి?"

"నోటితో అన్నానమ్మా," అంది ఉష. "గుంపులో ఒక్క మొహం మా ఇష్టమొచ్చింది గీసుకోవచ్చన్నారు. ఒక్కటే. నీది గీసీసాను. అయ్య మిగిలిపోనాడు. అందుకే మొహం నేకండా, దూరంగా దొంగతనంగా గీసాను. మా సారు సూస్తే తిడతాడు. పేటలో ఎవలూ కనిపెట్టనేదు. నువ్వు కనిపెడతావనీ నాననుకోనేదు."

"ఎన్ని రోజులు గీసావే?"

"ఆ నాలుగడుగులకీ పది రోజులు. రోజూ బాత్రూంలోకి ఎల్లి ఏడిసీదాన్ని. ఇంటికాడ ఏడిస్తే నువ్వు ఊరుకోవు కదా."

ఆ మాట దాలమ్మకి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. పదహారేళ్ళ పిల్ల తండ్రిని పోగొట్టుకుని, ఇంట్లో కళ్ళు తుడుచుకోడానికి కూడా భయపడింది. తన బొట్టు కాపాడుకోడానికి తను కూతురి ఏడుపుకి కాపలా కాసింది. దాలమ్మ గబగబా వచ్చి కూతురి ఎర్రబడ్డ చెంప మీద నీచువాసన కొట్టే చెయ్యి వేసింది.

"నిన్ను ఏడవనియ్యనేదు కదే తల్లీ నాను. ఎంత పాపిస్టిదాన్ని! ఏడు. ఇప్పుడు ఏడు."

ఉష ఏడ్చింది. ఆరేళ్ళది ఒకేసారి, పెద్దగా, పేట వింటుందన్న సిగ్గు లేకుండా ఏడ్చింది. దాలమ్మ దాన్ని పట్టుకుని తనూ ఏడ్చింది. లక్ష్మణమ్మ వాళ్ళిద్దరి మీదా చేతులేసి, "నాను తొందరపడ్డాను, పెద్దలకి వద్దని సెప్పీసొస్తాను," అంటూ ఏడ్చింది.

"ఒద్దనకు వదినా," అంది దాలమ్మ ముక్కు చీదుకుంటూ. "ఈ అమాస కాపోతే మీద అమాసకి అని సెప్పు. కర్మ సేద్దాం. ఈ గుంట నీల్లిస్తాది. నా బొట్టు జోలికి మాత్రం ఎవలూ రాకండి, తెడ్డు తిరగేస్తాను. అయినా ఇంటికే రాని మనిసిని ఎలగ సాగనంపుతాం సెప్పు?"

లక్ష్మణమ్మకి అర్థం కాలేదు. దాలమ్మ కూతురి వైపు తిరిగింది.

"నాలుగడుగులేసి ఆగిపోనాడు కదే. మిగతాయి ఏలెయ్యనేదు?"

"నాలుగే సెకన్లు ఇచ్చారమ్మా."

"ఆల్లిస్తే ఎంత, ఇయ్యకపోతే ఎంత? నీ కాయితాలు నీకాడ నేవేటి? పట్రా. ఐదో అడుగు కాడినుంచి గీయి. ఈ గుమ్మం దాకా తీసుకురా ఆయన్ని. వచ్చీసినాక పంపిద్దాం."

ఉష లోపలికెళ్ళి కాగితాలూ పెన్సిలూ తెచ్చుకుంది. చేప పొలుసుల మధ్యే చాప పరుచుకుని కూర్చుంది. లక్ష్మణమ్మ ఒలికిన నెత్తళ్ళని గిన్నెలోకి ఎత్తుతోంది. దాలమ్మ కూతురి భుజం మీంచి వంగి, పెన్సిలు కదిలినంతసేపూ చూసింది.

"అలగ కాదే," అంది. "మడమ ముందు దిగుతాది. ఎడం కాలు. నెమ్మదిగా లాగు, నొప్పెడతాది ఆయనకి."