ఆకలి లేని మహారాణి

సెలవు మంజూరైందన్న కబురు వచ్చేసరికి నేను జంతువుల షెల్టర్ వెనక గోడ పక్కన బోర్లా పడుకుని, బోనులోకి చేపముక్క తోస్తున్నాను. ఫోన్ చేసింది మా కమిషనర్ గారే.

"సంతకం పెట్టేశానయ్యా. పెళ్లయి ఇన్నాళ్లయినా సముద్రం చూపించలేదని మీ ఆవిడ మొన్న నన్నే నిలదీసింది. ఎల్లుండి బయల్దేరండి. కానీ ఆ చివరి పిల్లి సంగతి తేల్చాకే. అదొక్కటి పిల్లల్ని పెట్టిందంటే ఏడాదిగా మనం చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే."

సంతోషం పట్టలేక బోనునే ముద్దు పెట్టుకోబోయాను. చేప వాసన కొట్టి ఆగాను.

ఆ చివరి పిల్లి పేరు మహారాణి. పేరు పెట్టింది నా భార్య. ఈ షెల్టర్‌లో పశువుల డాక్టర్. నేను మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని. మా పెళ్లికి పెద్ద ఎవరంటే ఆ పిల్లి పేరే చెప్పాలి.

పెంచలేనివాళ్లు పిల్లుల్ని షెల్టర్ గేటు దగ్గర వదిలిపోతారు. లోపలి తిండి వాసనకి అవి ఆ వీధిలోనే స్థిరపడతాయి. పోయినేడు అర్జీలు ఎక్కువై, వాటిని పట్టి ఊరవతల వదలమని నన్ను పంపారు. తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి వ్యాన్‌కి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"ఊరవతలికండీ."

"తీసుకెళ్లండి. ఖాళీ అయిన చోటికి కొత్తవి వస్తాయి. మళ్లీ మీరొస్తారు. డీజిల్ మీకేమైనా ఊరికే వస్తుందా?"

జవాబు వెతుక్కునే కంగారులో బోను తలుపు సరిగా వెయ్యలేదు. మహారాణి నా చెయ్యి బరికి ఉడాయించింది. ఆ అమ్మాయే గాయం కడిగి, ఆస్పత్రికి తోడు వచ్చింది. దారి పొడుగునా పాఠం. పిల్లుల్ని పట్టాలట, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలట, గుర్తుగా చెవి కొస కత్తిరించి మళ్లీ అదే చోట వదలాలట. సూదులు ఇంకా ఉన్నాయని నర్సు చెబితే సంతోషించిన మొదటి రోగిని నేనే అయ్యుంటాను. ఆ పాఠాన్ని కమిషనర్ దాకా మోసుకెళ్లాను. ఆయన సరే అన్నారు. కొన్నాళ్లకి ఆమె కూడా సరే అంది.

ఇప్పుడు వీధిలో చెవి కొస పోని పిల్లి మహారాణి ఒక్కటే. వారంగా బోను పెడుతున్నాం. రోజూ అందులో పడేది మాత్రం పెద్దాయన అనే లావుపాటి మగపిల్లి. ఆపరేషన్ ఎప్పుడో అయిపోయినా, చేపముక్క కోసం అత్తారింటికి వచ్చినట్టు వచ్చి కూర్చుంటాడు. మహారాణి బయట కూర్చుని, మూతి తుడుచుకుంటూ మా అవస్థ చూస్తుంది.

సెలవు కబురు విని పరుగున వచ్చిన నా భార్య, బోనులో పెద్దాయన్ని చూసి నుదురు కొట్టుకుంది.

"ఎవరో దానికి తిండి పెడుతున్నారండీ. ఆకలేస్తే కదా బోనులోకి వచ్చేది. పక్కింటి పిన్నిగారికి చెప్పాను, టైలర్‌కి చెప్పాను. మీరు ఎవరికి చెప్పారు?"

ఆవిడకి కోపమొస్తే నేను 'మీరు', ప్రేమొస్తే 'నువ్వు'. ఈ వారమంతా మీరే.

నేను ఆకాశం వైపు చూశాను. "మబ్బు పట్టినట్టుంది."

"అదిగో, మహారాణి లేచింది. పదండి, ఇవాళ ఆ దొంగెవరో తేలాలి."

మహారాణి తోక నిలబెట్టి నడిచింది. మేం చప్పుడు చేయకుండా వెనకే. టైలర్ షాపు దాటింది. పిన్నిగారి గేటు వైపైనా చూడలేదు. సందు తిరిగి, ఒక పిట్టగోడ ఎక్కి, ఒక వంటింటి కిటికీ ముందు కూర్చుంది.

అది మా వంటింటి కిటికీ.

పిల్లికి బిచ్చం పెట్టదని చుట్టాల్లో పేరున్న మా అమ్మ, పాలగిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మా, నువ్వా?"

"నన్నంటావేంట్రా. నేను సాయంత్రం కాసిని పాలే పోస్తున్నా. పొద్దున్నే కోడిముక్కలు పెట్టేది నీ పెళ్లామేగా."

నా భార్య మొహం చూడాలి. "అత్తయ్యా, మీరు నిద్రపోతున్నారనుకున్నాను."

"కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి కూడా అలాగే అనుకుంటుంది."

దొరికింది అవకాశం. "వీధి వీధంతా క్లాసు పీకి, నువ్వే..."

"గోడ మీద కూర్చుని అలా చూస్తే చెయ్యి ఆగలేదు." తల వంచుకుంది. "ఆ రోజు అది నీ చెయ్యి గీరకపోతే, నువ్వు వ్యాన్ తోలుకుని వెళ్లిపోయేవాడివి కదా."

నువ్వు అంది. వారం తరవాత. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"కరిగింది చాలు," అంది అమ్మ. "వాణ్ణీ అడుగమ్మా. మధ్యాహ్నం డబ్బాలో గుడ్డు ఎవరికి పెడుతున్నాడో. రోజూ ఆ డబ్బాలో పిల్లి వెంట్రుకలు కడుగుతున్నది నేను."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంట్లో ముగ్గురం. ఇంటింటికీ తిరిగి ఎవరినో వెతుకుతూ, ఆ పిల్లిని మూడుపూటలా మేమే మేపుతున్నాం. డాక్టరుగారు నవ్వు ఆపుకోలేక నా భుజం మీద వాలిపోయింది. కాసేపటికి నవ్వు ఆగింది.

"రేపొక్కరోజే ఉంది. సముద్రం పోయినట్టే కదూ?"

"ఎందుకు పోతుంది?" అమ్మ పాలగిన్నె లోపల పెట్టి కిటికీ మూసేసింది. "రేపు పొద్దున ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. వంటింటి తాళం నా కొంగున ఉంటుంది. దానికి ఆకలేసేదాకా మనకీ ఆకలే. బోను ఈ కిటికీ కిందే పెట్టండి, తలుపు తాడు నేను పట్టుకుంటా. అమ్మాయ్, నువ్వు ఆపరేషన్ గదిలో సిద్ధంగా ఉండు. ఒరేయ్, నువ్వు ఆ పెద్దాయన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చో, మధ్యలో దూరకుండా. చీకటి పడేలోగా దాని చెవి కొస పోవాలి, మీ పెట్టె సర్దడం అయిపోవాలి. మీరొచ్చేదాకా దాని మూడుపూటలూ నేను చూసుకుంటా."