మా ఊళ్ళో వాళ్ళ ఇల్లు

ఆదివారం ఉదయం, హిందీవాళ్ళ నగరంలో మోవా అనే పేటలోని ఒక తెలుగు ఇంట్లో కూలరుకి కొత్త గడ్డి పెట్టే పని నడుస్తోంది. సాయి స్టూలెక్కి పాత గడ్డి పీకుతుంటే, అతని భార్య ఊర్మిళ ఒక చేత్తో తడిగుడ్డ అందిస్తూ రెండో చేత్తో ఫోనులో వీడియో చూసుకుంటోంది. చూసిన వీడియోనే. భీమిలిలో సముద్రం ఎదురుగా ఫ్లాటు, దానికో బాల్కనీ, బాల్కనీ అవతల నీలంగా నీళ్ళు.

"అక్కా, ఇది చూడు! కిచెన్ కిటికీలోంచి భీ సముద్రం కనిపిస్తోంది!" అంది, హిందీ కలిసిన తన తెలుగులో.

వంటింట్లో వంకాయలు కోస్తున్న నళిని తలెత్తకుండానే "ఊఁ" అంది. ఆమె ఊర్మిళకి తోడికోడలు, సాయి అన్న ధనుంజయ్ భార్య. ధనుంజయ్ సిల్తారాలో ఉక్కు ఫ్యాక్టరీకి షిఫ్టుకి వెళ్ళాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. తోడికోడళ్ళంటే ఇలా ఉండాలని వీధిలో తెలుగువాళ్ళంతా చెప్పుకుంటారు. వాళ్ళు ఇప్పుడు నళిని మనసులోకి తొంగి చూస్తే ఆ మాట వెనక్కి తీసుకుందురు.

ఎందుకంటే భీమిలి నళిని ఊరు. పుట్టింది, చదివింది, పెళ్ళిపీటల మీద కూర్చుంది అక్కడే. తండ్రి బడిపంతులు, బతుకంతా అద్దె ఇళ్ళలోనే వెళ్ళదీశాడు. ఆయన, ఆ వెనకే తల్లి పోయాక, ఆ ఊళ్ళో ఆమెకి కాలు పెట్టడానికి ఒక గుమ్మం లేకుండా పోయింది. అలాంటిది, మొన్న డిసెంబరు దాకా సముద్రమన్నదే చూడని ఊర్మిళ అక్కడ ఇల్లు కొంటుందా? తీరమంతా అంత పొడవున పడి ఉంటే ఇంకే ఊరూ దొరకలేదా?

అసూయ అని ఒప్పుకోవడానికి నళినికి ప్రాణం ఒప్పలేదు గానీ, అది అసూయే. అచ్చమైన అసూయ. ఆ బాల్కనీ కనిపించినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

దానికి తోడు అత్తగారు తాయారమ్మ. కూరగాయల బండి దగ్గరా, గుడి మెట్ల మీదా ఆవిడది ఒకటే పాట. "మా సిన్నోడు సముద్రం ఎదర ఇల్లు కొంతన్నాడు. నానూ ఎల్లి ఆ గాలికి కూకుంతాను." పెద్దకోడలు ఆ గాలి పీల్చి పెరిగిందేనన్న సంగతి ఆవిడకి ఒక్కసారీ గుర్తు రాలేదు.

అయితే, నళిని కడుపులో దాచుకున్న మాట ఒకటుంది. వీడియోలో ఆ బిల్డింగు చూడగానే ఆమె చోటు పోల్చుకుంది. ఊరికి దూరంగా, ఇసక దిబ్బల మీద కట్టారు. ఎండాకాలం వస్తే అక్కడ బోర్లలో వచ్చేది ఉప్పునీళ్ళే. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అటువైపు ఆడవాళ్ళు మంచినీళ్ళకి బిందెలతో ఊళ్ళోకి రావడం చిన్నప్పుడు ఎన్నోసార్లు చూసింది. వానలు వెళ్ళిన కొత్తలో మాత్రం అక్కడా నీళ్ళు బాగానే ఉంటాయి. సాయి, ఊర్మిళ వెళ్ళి చూసొచ్చింది అప్పుడే.

ఆ మాట చెప్పలేదు. తిననీ ఉడకని పప్పు, అనుకుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సాయి అన్నాడు. "వదినా, రేపు అడ్వాన్సు ఇచ్చేస్తున్నాం. మీ ఊరే కదా, ఆ ఏరియా ఎలాంటిది?"

నళిని చేతిలో గరిటె ఆగింది. "మంచిదే" అంది.

"చూశారా, అక్క భీ మంచిదంది!" ఊర్మిళ సంబరపడిపోయింది. "అక్కా, గర్మీ సెలవుల్లో నువ్వూ బావగారూ మా ఇంటికి రావాలి, పక్కా! ఏ పనీ చెయ్యనివ్వను. చుట్టాల్లాగ కూర్చోవాలి, బస్."

నళిని గరిటెను పప్పుగిన్నెలో పడేసింది. "చుట్టాన్నా? మా ఊరికి నేను నీ ఇంటికి చుట్టంగా రావాలా? నేను గవ్వలేరుకున్న ఒడ్డు చూపించి నువ్వు నాకు టీ ఇస్తావా?"

అందరూ బిత్తరపోయారు. "ఏటే, ఏటైపోనాది నీకు?" అంది తాయారమ్మ.

"కడుపుమంట అత్తా, కడుపుమంట!" నళినికి ఏడుపు తన్నుకొచ్చింది. "సాయీ, ఆ ఫ్లాటు కొనకండి. ఎండాకాలం అక్కడ ఉప్పునీళ్ళు. పప్పు కూడా ఉడకదు. వీడియో చూసిన రోజే నాకు తెలుసు. కావాలనే చెప్పలేదు."

సాయి చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. ఊర్మిళ ముఖం పాలిపోయింది.

"తెలిసి కూడానా అక్కా? ఇప్పుడే కదా మంచిదే అన్నావు!"

"అన్నాను. నాకు లేనిది నీకెందుకు ఉండాలని అన్నాను."

ఇక ఊర్మిళ తిట్టిపోస్తుందనుకున్నారంతా. ఆమె భోరుమంది.

"నీకు లేనిదేంటి? నీకు ఊరుంది అక్కా! నాకేముంది? మా నాన్న రైల్వే. క్వార్టరు మారినప్పుడల్లా మా ఊరు మారింది. ఇక్కడ స్కూల్లో నన్ను ఆంధ్రావాలీ అన్నారు. ఆంధ్రాలో పెళ్ళికెళ్తే హిందీ పిల్ల అన్నారు. మీది ఏ ఊరమ్మా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి, ప్లాట్‌ఫారం నంబరా?"

ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకుంది. "నువ్వు బియ్యం ఏరుతూ 'మా ఊళ్ళో' అని మొదలెడతావు. లైట్‌హౌసు, గంట స్తంభం, ఎండిన వలల వాసన... వినీ వినీ నాకు ఎంత జలన్ అయ్యేదో, ఎంత కుళ్ళుకునేదాన్నో నీకేం తెలుసు? వేరేచోట సస్తాగా, తక్కువ ధరకే దొరికినా వద్దని ఈయనతో గొడవపడ్డాను. అక్కడ ఇల్లు కొంటే ఆ ఊరు నాది భీ అయిపోతుందనుకున్నాను."

నళినికి అప్పుడు అర్థమైంది. గుమ్మం లేదని ఇన్నేళ్ళూ తను కుమిలిపోతుంటే, ఉత్త ఊరి పేరు విని పక్కనున్న మనిషి రగిలిపోయిందన్నమాట. సిగ్గేసింది. నిజం చెప్పాలంటే, కాస్త గొప్పగానూ అనిపించింది.

"ఇద్దరూ ఇద్దరే!" తాయారమ్మ కసిరింది. "కూడు సల్లారిపోతంది, తినండి."

నళిని తినలేదు. చెయ్యి కడుక్కుని, భీమిలిలోనే స్థిరపడిన చిన్ననాటి స్నేహితురాలు ఉమారాణికి ఫోను చేసి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది.

"ఉమా, ఊళ్ళోపల, ఏడాదంతా మంచినీళ్ళుండే చోట ఇల్లేదైనా అమ్మకానికుందేటి? సముద్రం కనపడకపోయినా పర్లేదు, నడిచెళ్ళేలా ఉంటే చాలు."

"ఎవరికే?"

"మా ఊర్మిళకి. నా తోడికోడలు."

"అలాగా! ఆవిడది ఏ ఊరే?"

ఊర్మిళ తల దించేసుకుంది. నళిని ఆమె పక్కకి వచ్చి కూర్చుని, భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"మనూరి పిల్లేనే. చిన్నప్పుడే వెళ్ళిపోయారు. ఇప్పుడు తిరిగొస్తంది."