పదహారు బోల్టులు, ఎదురెదురుగా

ఆ రోజు ఆ ఇంట్లో నలుగురున్నారు. ప్రెజర్ వెసెల్స్, అంటే ఒత్తిడితో గాలి నింపే ట్యాంకులు డిజైన్ చేసే ఇంజినీరు, చెవులు వినపడని ఆయన తల్లి, చుట్టపుచూపుగా వచ్చి మూడు వారాలైనా కదలని మరదలు, ఇల్లు తుడిచే పనిమనిషి.

పనిమనిషి పేరుకే. అసలు హోదా ఏజెంట్ సెవెన్. ఇరవై రెండేళ్ల సర్వీసు, అరిగిన మోకాళ్లు, చీపురు పిడిలో కెమెరా.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగానే ఇచ్చాడు. ట్యాంకుకు మూత బిగించే ఇనుప అంచు, అదే ఫ్లాంజ్, పాతది బోల్టులు బిగించగానే వంగి, మధ్యలోని గ్యాస్కెట్ అనే మెత్తటి రింగు దగ్గర లీకయ్యేది. ఇంజినీరు దాని మెడ మందం పెంచి వంగకుండా చేశాడు. ఆ డిజైన్‌ను అప్రతిష్ఠపాలు చేసి కాజేయాలని విదేశీ ముఠా చూస్తోంది. పదకొండింటికి ఫ్యాక్టరీ యార్డులో గాలి నింపి టెస్ట్. చుట్టూ పన్నెండుమంది ఉంటారు. ఇంట్లో మరదలు మన మనిషే. ఆపాల్సి వస్తే కోడ్ వర్డ్ "వియ్యంకులు".

ఆ మాట ఎంచింది ఏజెంటే. ఫిట్టరైన ఆమె నాన్న అనేవాడు, బోల్టులు వియ్యంకుల్లాంటివని. ఇటు ఒకరికి మర్యాద చేస్తే వెంటనే అటు ఎదుటివారికీ చెయ్యాలి, లేకపోతే అలుగుతారు.

పదకొండూ అయిదుకి బల్ల తుడుస్తుంటే, పదహారు బోల్టులు ఎలా బిగించాలో రాసి యార్డుకు పంపిన షీటు కాపీ కనిపించింది. "ఎదురెదురుగా, మూడు విడతల్లో" అని ఉండాల్సిన చోట "వరసగా, ఒకే విడతలో" అని ఉంది. అలా బిగిస్తే గ్యాస్కెట్ ఒక పక్క నలిగిపోతుంది, రెండో పక్క నోరు తెరుస్తుంది.

హాల్లో మరదలు సెంటు రాసుకుంటోంది. షీటు ఎవరో మార్చారని మాత్రమే చెప్పి, ఏజెంట్ ఫోన్ వైపు నడిచింది.

"వరసగా బిగిస్తే కొంపలేం మునుగుతాయక్కా?" అంది మరదలు.

ఏజెంట్ నిట్టూర్చింది. "వరసగా అని నేననలేదే."

హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ వచ్చింది. మరదలు ఎత్తు చెప్పులతో ఒక్క అడుగు ముందుకేసింది. నేల తడిగా ఉందని ఏజెంట్ పొద్దున్నుంచి రెండుసార్లు చెప్పింది కూడా.

మరదలు వెల్లకిలా పడింది. పిస్టల్ సోఫా కిందికి జారింది. ఏజెంట్ ఫోనెత్తి "వియ్యంకులు" అంది. అవతల గాలి వదిలే వాల్వు తెరిచిన చప్పుడు వినిపించింది. ఒత్తిడి చూపే మీటరు ముల్లు ఎర్రగీతకు వెంట్రుకవాసి దూరంలో ఆగిందట.

చీఫ్ మనుషులు అంబులెన్సులో వచ్చి మరదల్ని తీసుకెళ్లారు. సాయంత్రం బోల్టులు ఎదురెదురుగా బిగించి మళ్లీ టెస్ట్ చేశారు. రవ్వంత గాలి కూడా లీకవలేదు. ఆ మాట విని ఇంజినీరు తల్లిని కావలించుకున్నాడు. తర్వాత పనిమనిషి వైపు తిరిగాడు.

"తడిగుడ్డ పిండడం కూడా రాదా? బంగారంలాంటి పిల్ల నడుం విరిగింది. రేపట్నుంచి రాకమ్మా."

ఆమె చీపురు చంకన పెట్టుకుంది. మెట్లు దిగుతూ వెనక్కి చూసింది. తలుపు మూసుకుంటోంది. గడియకు రెండే స్క్రూలు, రెండూ ఒకే పక్క.

చెబుదామనుకునేలోపు తలుపు పడింది.