కొసరు వద్దన్నవాడు

“వద్దంటినా! ఒకసారి చెప్తే వినపడదా?”

కాటమరాజు అంత గట్టిగా అరవాలనుకోలేదు. నోరు జారింది. సుబ్బులు చేతిలోని చిల్లుల గంటె గాలిలోనే ఆగిపోయింది. అందులో అప్పుడే బాండ్లిలోంచి తీసిన మిరపకాయ బజ్జీ ఒకటి నూనె కారుస్తోంది.

“కొసరు వద్దా?” అంది సుబ్బులు.

“వద్దు.”

“ఊరికే ఇస్తాంటే వద్దా?”

“ఊరికే ఇచ్చినా వద్దు, ఎదురు డబ్బులిచ్చినా వద్దు. నాకు టీ చాలు.”

గిద్దలూరు స్టేషను బయట, అంగడి బల్లమీద కూర్చున్నవాళ్ళంతా తలలెత్తి చూశారు. చూడరా మరి! రెండేళ్ళుగా సాయంత్రం ప్యాసింజరు వచ్చినా రాకపోయినా కాటమరాజు మాత్రం వచ్చేవాడు. ఆకు నిండా బజ్జీలు తినేవాడు. తిన్నాక సుబ్బులు ఒకటి కొసరేసేది. మొహమాటానికైనా ఏనాడూ వద్దన్న పాపాన పోలేదు. అట్లాంటివాడికి ఈ రోజు ఏమొచ్చింది?

సుబ్బులు బజ్జీని బుట్టలో పడేసింది. “అమ్మా, ఈయనకు టీ అంట. నువ్వే ఇయ్యి,” అని పొయ్యివైపు తిరిగి కూర్చుంది. ఆ వీపు చూస్తూ కాటమరాజు టీ తాగాడు. అందులో చక్కెర వేశారో లేదో కూడా అతనికి తెలియలేదు.

అసలు సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి. కాటమరాజు గొర్రెలు కాచే ఇంట్లో పుట్టాడు. వాళ్ళ నాయన పొద్దంతా నల్లమలలో మంద వెంట నడిచి, ఇంటికొచ్చాక కూడా వాకిట్లో తిరుగుతూ ఉండే మనిషి. కొడుకు మాత్రం ఎస్సెల్సీ పాసై, వేరుశనగ మండీలో గుమాస్తాగా కూర్చున్నాడు. కూర్చున్నాడంటే కూర్చున్నాడే, మళ్ళీ లేచింది లేదు. ఒళ్ళు ఎంత వచ్చిందంటే, పండక్కి కుట్టించిన చొక్కా పండగ దాటకముందే బొత్తాలు తెంపుకుంది.

కొత్త రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు జిల్లా కేంద్రం కర్నూలు నుంచి ఫారెస్టు గార్డుల ఉద్యోగాలు పడ్డాయి. రాత పరీక్ష సులువుగా గట్టెక్కాడు. మిగిలింది నడక పరీక్ష. కొమరోలు దారిన ఎనిమిదో మైలురాయి దాకా పోయి, నాలుగు గంటల్లో తిరిగి ఊళ్ళోని ఫారెస్టు రేంజి ఆఫీసు చేరాలి. గొర్రెలోళ్ళ బిడ్డకు నడక పరీక్ష గండమైందని ఊళ్ళో నవ్వనివాడు లేడు. నవ్వు రానిది అతనొక్కడికే.

ఎందుకంటే ఆ ఉద్యోగం వస్తేనే సుబ్బులును ఇమ్మని ఆమె తల్లి నాగేంద్రమ్మను అడగగలడు. భర్త పోయాక ఒంటిచేత్తో అంగడి నిలబెట్టిన మనిషి నాగేంద్రమ్మ. కులం ఒకటే, వరస కూడా కుదురుతుంది. కానీ మండీ గుమాస్తాకు పిల్లనెందుకిస్తుంది? ఈ మాట ఆమె అనలేదు. కాటమరాజే అనుకున్నాడు. అనుకోవడంలో అతన్ని మించినవాడు ఆ తాలూకాలో లేడు.

పొద్దునపూట అతను మునీశ్వరుడే. కోడి కూయకముందే లేచి నడిచేవాడు. సంగటి ముద్ద సగానికి తగ్గించాడు. చిక్కంతా సాయంత్రంతోనే. పొద్దు వాలేసరికి మండీలో శనక్కాయల దుమ్ము మధ్య కూడా శనగపిండి వాసన కొట్టేది. ‘ఒక్కటి తింటే ఏమైతాది?’ అని ఒక మనసు. ‘ఒక్కటితో ఏనాడు ఆగినావు?’ అని ఇంకో మనసు. రెండిటి మధ్య పడి పాపం శనక్కాయల మూటలు తప్పు లెక్కపెట్టి, షావుకారుతో చీవాట్లు తినేవాడు. తినడానికి ఆ రోజుల్లో అతనికి మిగిలినవి అవే.

ఆ సాయంత్రం తర్వాత అతను స్టేషను దారి మానేశాడు. గూడ్సు షెడ్డు వెనక నుంచి చుట్టు తిరిగి ఇంటికి పోయేవాడు. గాలి మాత్రం చుట్టు తిరగలేదు, వాసనను తిన్నగా తెచ్చి ముక్కుకే అందించింది. గుండె దడదడలాడేది. అది ఆకలో, సుబ్బులు మీద బెంగో తేల్చుకోలేక అక్కడే నిలబడిపోయేవాడు.

పార్సిల్ ఆఫీసులో పనిచేసే ఏబేలు ఒక రోజు అతన్ని అట్లాగే నిలబడి ఉండగా పట్టుకున్నాడు. చిన్ననాటి స్నేహితుడు. లోపలికి లాక్కుపోయి మూటలు తూచే కాటామీద ఎక్కించాడు.

“కదలొద్దు బావా. ఆ... ఎనభై ఆరు.”

కాటమరాజు ఎగిరి గంతేశాడు. కాటా గలగలలాడింది. “ఆస్పత్రిలో నూట తొంభై అన్న్యారు! సగానికి సగం తగ్గినా!”

“అది పౌన్లు, ఇది కిలోలు. నువ్వు తగ్గలేదు బావా. సర్కారు కాటా మార్చింది.”

కాటమరాజు కాటామీదే చతికిలబడ్డాడు.

“ఇంకో మాట,” అన్నాడు ఏబేలు, ఈసారి నవ్వకుండా. “సుబ్బులుకు కొమరోలు నుంచి సంబంధం వచ్చింది. వచ్చే సోమవారం చూపులంట. నాగేంద్రమ్మక్కే చెప్పింది.”

“సోమవారమా? నా నడక టెస్టు ఆ పొద్దే కదరా!”

“తెలుసు. నీకోసం ప్రార్థన చేస్తాలే. కానీ నోరు తెరవాల్సింది నువ్వు, నడవాల్సింది నీ కాళ్ళు.”

కాటమరాజు అంగడి చేరేసరికి తుంపర మొదలైంది. గిరాకీలు లేరు. నాగేంద్రమ్మ నూనె తేవడానికి బజారుకు పోయింది. సుబ్బులు ఒక్కతే పొయ్యి దగ్గర ఉంది.

“ఏం కావాల?” అంది, తలెత్తకుండా.

“టీ.”

“టీ పెట్టేది అమ్మ. అమ్మ లేదు.”

“వచ్చేదాకా కూర్చుంటా.”

“బల్ల తడిసింది.”

“నిలబడతా.”

“నిలబడితే గిరాకీలకు అడ్డం.”

కనుచూపు మేరలో కుక్క కూడా లేదు. కాటమరాజు వానలోనే నిలబడ్డాడు.

“నీకు సంబంధం వచ్చిందంట.”

“వచ్చింది. పెట్టింది వద్దనని మనిషంట.”

“దానికీ దీనికీ ఏంది సుబ్బులూ?”

సుబ్బులు గంటె కిందపెట్టింది. “ఏంది అంటావా? రెండేళ్ళుగా నీకేసిన కొసరు ఎవరిదనుకున్న్యావు? మా అమ్మ ఒక్కొక్కటి లెక్కపెట్టి కాలుస్తాది. ఈ అంగట్లో ఇంకెవరికన్నా కొసరేయంగ చూసినావా?”

కాటమరాజు ఆలోచించాడు. నిజమే, చూడలేదు.

“సాయంత్రం నన్ను తినమని అమ్మ రెండు పక్కన పెడతాది. అందులో ఒకటి నీకేసేదాన్ని.”

“రోజూనా?”

“రోజూ.”

అతను తన పొట్టవైపు చూసుకున్నాడు. తర్వాత వెదురుబద్దలా ఉన్న ఆమె వైపు చూశాడు. సిగ్గుతో తల వాలిపోయింది.

“నువ్వు తింటాంటే నాకు కడుపు నిండినట్టుండేది,” అంది సుబ్బులు. “నలుగురిలో వద్దని అరిచినావు. నన్నే వద్దన్నట్టు అనిపిచ్చింది. ఆ పొద్దు నేను రెండూ తినలేదు.”

“నిన్ను వద్దంటానా? నీకోసమే కదా ఈ కడుపు మాడ్చుకునేది!” గార్డు ఉద్యోగం, నడక పరీక్ష, మైలురాయి, కాటా, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. సుబ్బులు వింటూ వింటూ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

“ఈ ముక్క ఆ పొద్దే చెప్తే ఏం?”

“నోట్లో నీళ్ళూరుతాంటే మాట ఏడొస్తాది?”

ఈసారి నవ్వేనని తెలిసింది.

“అయితే రేపటి నుంచి రోజూ రా. ఆ బల్లమీద కూర్చో. నా వాటా నేను తింటా, నువ్వు చూడు.”

“అది శిక్ష.”

“శిక్షే.”

అట్లా ప్రతి సాయంత్రం అతను చల్లారిన టీ గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు. ఎదురుగా సుబ్బులు బజ్జీ చీల్చి, ఉల్లిపాయ ముక్క కూరి, నిమ్మకాయ పిండి, తీరిగ్గా తినేది. ఆమెను చూస్తే అతని ఆకలి పోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి. రెట్టింపైంది. అయినా ఓర్చుకున్నాడు. ఆమె బుగ్గల్లోకి కాస్త రంగు వస్తుంటే, ఓర్చుకోవడం కూడా బాగానే ఉందనిపించింది. అతను మొలతాడు ఒక ముడి బిగించుకోవాల్సి వచ్చింది.

“అమ్మను ఎప్పుడు అడుగుతావు?” అంది ఆదివారం సాయంత్రం.

“టెస్టు కానీ. పాసయినానని చెప్పి అడుగుతా.”

“రేప్పొద్దున్నే వాళ్ళొస్తారు.”

“వాళ్ళొచ్చేలోపల నేనొస్తా.”

సుబ్బులు చేతిలోని బజ్జీ సగం అట్లాగే ఉండిపోయింది. ఆ సగం చూశాక కాటమరాజుకు ఆ రాత్రి కన్ను అంటుకోలేదు.

సోమవారం తెల్లవారుతూనే ఫారెస్టు గార్డు శ్రీరాములు విజిల్ ఊదాడు. బక్కపలచని కుర్రాళ్ళంతా జింకల్లా పోయారు. కాటమరాజు వెనకబడ్డాడు. మైలురాయి తాకి వెనక్కి తిరిగేసరికి ముందు ఎవరూ కనబడలేదు. కాళ్ళు తన మాట వినడం మానేశాయి. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒక ఎద్దుల బండి వచ్చి అతని పక్కన కలిసింది. బండిలో ఒక పెద్దాయన, ఆయన భార్య ఉన్నారు.

“ఏమబ్బయా, ఎవరన్నా తరుముతాండారా?” అన్నాడు పెద్దాయన చుట్ట తీసి.

“లేదు పెద్దాయనా... టెస్టు.”

“నడిచేదానికి కూడా టెస్టా! సర్లే గానీ, బజ్జీల నాగేంద్రమ్మ అంగడి ఎక్కడో తెలుసునా?”

ఆ బండి ఎవరిదో కాటమరాజుకు అర్థమైంది. అబద్ధం ఆడొచ్చు. ఆమె మార్కాపురం పోయిందని చెప్పొచ్చు. ఇంకేదో ఊరి దారి చూపించొచ్చు. నాలుక చివరిదాకా వచ్చిన అబద్ధం అక్కడే ఎండిపోయింది.

“స్టేషను కాడ. ఏం పని?”

“మా చిన్నోడికి పిల్లను చూడను. నా పేరు కృష్ణయ్య. ఈమె మా ఆడమనిషి ఆదెమ్మ.”

“పెద్దాయనా, ఆ పిల్లను నేను చేసుకోవాలనుకుంటాండా.”

సుబ్బులుతో కూడా ఇంత సూటిగా అనని మాట అది. ఆదెమ్మ బండిలోంచి తల బయటపెట్టింది.

“పిల్లకు తెలుసునా?”

“తెలుసు.”

“ఇష్టమేనా?”

“ఇష్టమే... అనుకుంటా.”

“అనుకునేదేంది!”

“ఇష్టమే అవ్వా. నిజంగా ఇష్టమే.”

“వాళ్ళమ్మను అడిగినావా?”

“ఇంకా లేదు. ఈ టెస్టు పాసయితే ఉద్యోగం. ఉద్యోగమొస్తే అడుగుదామని.”

కృష్ణయ్య అతన్ని తల నుంచి కాళ్ళదాకా చూశాడు. “ఓరి నీ! పెండ్లి దీని మీద పెట్టుకోని ఎద్దుల పక్కన నడుస్తావేందిరా? ఎద్దుల కంటే ముందు పో!”

అది కోపమో ఆశీర్వాదమో ఆలోచించడానికి టైము లేదు. కాటమరాజు నడిచాడు. పిక్కలు పగిలిపోతున్నా నడిచాడు. రేంజి ఆఫీసు గేటు దాటి గోడకు ఆనుకున్నాడు. శ్రీరాములు గడియారం చూసి, “నువ్వే ఆఖరోడివి,” అన్నాడు.

“టైములోనే వచ్చినానా?”

“ఉండు, రేంజరుగారు పేర్లు చదువుతారు.”

ఉండే ఓపిక ఎక్కడిది! ఆఖరివాడినని విన్నాక ఉద్యోగం మీద ఆశ సగం చచ్చింది. స్టేషను వైపు పరుగులాంటి నడక అందుకున్నాడు.

చివరి మైలులో అతన్ని దాటిపోయిన ఎద్దుల బండి అంగడి ముందు అప్పటికే ఆగి ఉంది. కృష్ణయ్య దంపతులు బల్లమీద కూర్చున్నారు. నాగేంద్రమ్మ నడుమున చేతులు పెట్టుకుని నిలబడింది. కొత్త చీరలో సుబ్బులు చూపులకు కూర్చోవాల్సింది పోయి, గడపలో నిలబడి రోడ్డుకేసి చూస్తోంది.

“వచ్చినాడమ్మా!” అని అరిచింది. అరిచి నాలుక కరుచుకుంది.

“చూస్తానే ఉండా,” అంది నాగేంద్రమ్మ. “ఏమయ్యా, ఈ పెద్దాయన ఏందో చెప్తాండాడు. నిజమేనా?”

“నిజమే అక్కా. కానీ ఉద్యోగం... రాకపోవచ్చు. ఆఖరోణ్ణి నేనే.”

“ఉద్యోగం సంగతి నేనడిగినానా?”

“లేదు.”

“ఉద్యోగం లేనోడికి పిల్లనియ్యనని ఏ పొద్దన్నా అన్నానా?”

“అనలేదు. నేనే అనుకున్నా.”

“అడగందే అమ్మయినా పెట్టదంటారు. రెండేళ్ళు నా బల్లమీద కూర్చోని ఉల్లిపాయలడిగినావు, నిమ్మకాయలడిగినావు, మంచినీళ్ళడిగినావు. పిల్లనొక్కటి అడగలేదు. పొరుగూరోళ్ళు వచ్చి నాకు చెప్పాల్నా?”

కాటమరాజు చేతులు జోడించాడు.

“ఇప్పుడడుగుతాండా. ఉద్యోగమొచ్చినా రాకపోయినా చూసుకుంటా. సుబ్బులును నాకియ్యి అత్తా.”

నాగేంద్రమ్మ కృష్ణయ్య వైపు తిరిగి, “అంత దూరం నుంచి వస్తిరి. మీకు మొగం ఎట్ల చూపించేది?” అంది.

“మా చిన్నోడికి తొందరేం లేదు తల్లీ,” అన్నాడు కృష్ణయ్య. “వీడికే తొందర. రోడ్డు మీద చూసినాం కదా.”

ఆదెమ్మ మాత్రం మొహం కాస్త ముడుచుకునే, “పిల్ల గడపలోంచి కదిలితే ఒట్టు. ఇంక మనం చూసేదేముంది,” అంది.

నాగేంద్రమ్మ కూతురి వైపు చూసింది, అతని వైపు చూసింది. “ఇచ్చినా పో,” అంది. “ముందు కూర్చో నాయనా, పడిపోయేటట్టుండావు.”

అంతలో రేంజి ఆఫీసు నుంచి ఏబేలు రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. “బావా! చదివినారు! టైములోనే వచ్చినావంట! పాసు!”

ఎవరూ అతనివైపు తిరగలేదు. సుబ్బులు గడపమీద కూలబడి, పొద్దుటి నుంచి పట్టి ఉంచిన ఏడుపంతా ఏడుస్తోంది. కాటమరాజు కుంటుకుంటూ పోయి ఆమె పక్కన కూర్చున్నాడు.

“ఏడవొద్దు. పాసయినానంట. విన్న్యావా?”

“ఆ పాసు ఎవరికి కావాల! వస్తావో రావోనని పొద్దుటి నుంచి చచ్చి బతికినా.”

“వచ్చినా కదా,” అన్నాడు కాటమరాజు.