సోమ్లీ కడియాల పంకా

ఇంజనంటే ఎద్దసొంటిది అల్లుడా. ముక్కుతాడు యాడుందో ఎరుకైతె సాలు. జనగామల ఏ మిల్లు మొరాయించినా సేట్లు నా ఇంటి ముంగట్నే ఎడ్ల కచ్చరం ఆపేటోళ్లు. నేను చెయ్యి పెట్టినంక సప్పుడు చెయ్యని ఇంజను నైజాం రాజ్యంల లేకుండె. నవ్వకు. నువ్వు సైకిలు చైను పడితెనే పరేషానైతవు.

గది సంగం కాలం. రజాకార్లు ఊర్లు తగలబెడుతున్న రోజులు. మాదేవపూర్ అడవి దాటినంక గోదారి ఒడ్డున ముత్యంరావు అని ఒక దొర ఉండె. బందరు సముద్రంల వలలు గుంజే చిన్న మోటరు పడవను బండ్ల మీద తెప్పిచ్చిండు. చేపల కోసం గాదు. అవతలి ఒడ్డు అడవిల సంగపోళ్లు దాగిండ్రని, వాళ్లను పట్టేతందుకు. ఆ పడవ ఎనుక నీళ్లల్ల తిరిగే పంకా ఇరిగింది. కొత్తది పోత పోయించిండు. బిగిచ్చి, నడిపి సూపెట్టు అని నాకు మనిషిని పంపిండు.

చెల్పూర్ అడవిలకెళ్లి కచ్చరంల పోయిన. నా తమ్ముడు ఐలయ్య సంగంల చేరి గా అవతలి అడవిల్నే ఉన్నడని మాత్రం ఎవ్వనికి చెప్పలే.

పడవను మొద్దుల మీద ఒడ్డుకు గుంజిపెట్టిండ్రు. మడ్డినూనె వాసన, కుళ్లిన చేపల వాసన. పడవ నడిపే పాపయ్య గోనెసంచిల సుట్టి కొత్త పంకా తెచ్చిండు. మూడు రెక్కలు. పసుపు రాసిన పాదాల తీరు మెరుస్తుంది. మిట్టమధ్యాన్నం ఎండల గూడ సల్లగ తాకింది.

"పాతది దేనికి తాకి ఇరిగిందన్నా? బండకా?" అని అడిగిన.

పాపయ్య అటిటు సూసిండు. "బండకు గాదు ఓదెలూ. కడియానికి."

తండా పిల్ల సోమ్లీ. ఎండిన సొరకాయ బుర్రను పట్టుకోని ఈదుకుంట, నెత్తిన రొట్టెల మూట పెట్టుకోని అవతలోళ్లకు తిండి మోసేది. దొర సూసిండు. పడవను ఆమె మీదికెల్లి తోలిండు. కాళ్లకున్న దొడ్డు ఇత్తడి కడియాలకు తాకి పంకా రెక్క ఇరిగింది. ఆమె సచ్చింది.

"కడియాలు ఊడి రాలే," అని గుసగుసలాడిండు పాపయ్య. చేత్తోని మడమ మీద గొడ్డలి ఏసినట్టు సూపెట్టిండు. "నా పంకా ఇరగ్గొట్టింది, అదే కట్టియ్యాలె అన్నడు దొర. పాత ముక్కలల్ల గా కడియాలే కలిపి కరిగిచ్చిండ్రు." నా మొగం దిక్కు సూసిండు. "ఐలయ్యకు గూడ గామెనే రొట్టె మోసింది. నీ మొగం సూస్తెనే వాని అన్నవని ఎరుకైంది."

నాకు భయం లేదు గని, చేతులకు చెమట పట్టింది. ఎండ గదా.

పంకా ఎక్కిచ్చిన. నట్టు బిగిచ్చిన. అది ఊడకుంట ఇనుప సీల దూర్చి కొనలు వంచిన. చేత్తోని తిప్పితె ఇసుమంత గూడ ఊగలే. జర వదులుగ పెడదామా అని మనసుల అనుకున్న. గప్పుడే దొర తుపాకీ పట్టుకోని ఎనుక నిలవడ్డడు.

"నువ్వు గూడ ఎక్కుతవ్ ఓదెలు. పంకా ఊడితె ముందుగాల మునిగేది నువ్వే. నడిమిదాక పోయొస్తె సాలు. మళ్లొచ్చి మనుషులను ఎక్కిచ్చుకోని అవతలికి పోదాం. సంగపోడు ఒక్కడు మిగలద్దు."

"నీ బాంచెన్ దొరా. కొత్త మరకు కోడిని కోసి నెత్తురు సూపియ్యాలె. సూపియ్యంది నేనెన్నడు నడపలే."

దొర నవ్విండు. "నెత్తురు తాగిన ఇత్తడే గదరా అది. ఇంకేం కోడి?"

గామాట పాపయ్య ఇన్నడు, నేనిన్న. నీళ్లు గూడ ఇన్నయి.

పడవను నీళ్లల్లకు దింపి, ఎనుక తాడును మద్దిచెట్టుకు కట్టి ఇంజను నడిపిన. తాడు తీగ లెక్క బిగిసింది. పంకా మస్తుగ పనిచేస్తుంది. నా చెయ్యి గదా. దొర మెచ్చుకున్నడు.

పొద్దుగూకంగ తాడిప్పినం. ముగ్గురమే. దొర మనుషులు ఒడ్డు మీద తయారుగ నిలవడ్డరు. గోదారి మీద పొగ లెక్క మంచు లేస్తుంది. అవతల అడవిల ఒక్క మంట... చిన్నగ. ఐలయ్యోళ్లు బువ్వ వండుకుంటున్నరేమో.

నడిమికొచ్చినం. పడవ ఆగింది. ఇంజను మొత్తుకుంటనే ఉంది. పడవ మాత్రం మెల్లగ... ఎనుకకు పోవుడు సురువు జేసింది.

"ఎనుకకు పోతుందేందిరా?"

"ముంగటికే పెట్టిన దొరా."

పాపయ్య నా చెవుల అన్నడు, "గా మడుగుకు పోతుంది. గామె సచ్చిన తావుకు."

ఇంజను బంజేసిన. అంత సల్లవడ్డది.

ఘల్...

పడవ కింద. ఘల్... ఘల్... పంకా తిరిగే సప్పుడు గాదది. నడిచే సప్పుడు. నీళ్ల అడుగున ఎవరో తాపీగ నడుస్తున్నరు. మమ్ముల గుంజుకపోతున్నరు. మడుగు మీదికొచ్చినంక అడుగుల సప్పుడు ఆగింది. కాలిన రొట్టె వాసన కొట్టింది. నడి గోదారిల.

దొర తుపాకీ కింద పెట్టి, బ్యాటరీ లైటు పట్టుకోని ఎనుకకు వంగిండు. సూసిండు. ఏం గనవడ్డదో... అరవలే. మెల్లగ వెనుకకు జరగవోయిండు. కాళ్లు జరగలే. కాళ్ల దిక్కు సూసుకున్నడు.

"ఇడిపియ్యిరా," అన్నడు. గంతే. "ఓదెలూ... ఇడిపియ్యిరా."

దొరతోపాటు లైటు నీళ్లల్ల వడ్డది. కిందికి పోవుకుంట శానాసేపు వెలిగింది.

నేను, పాపయ్య తెడ్లేసుకోని అవతలి ఒడ్డుకే పోయినం. ఐలయ్యను లేపి అందరం అడవి లోపలికి పోయినం. వాడు బతికిండు. పిల్లల పెండ్లిళ్లు గూడ చేసిండు.

తెల్లారినంక దొర ఇసుక తిన్నెకు తేలిండని చెప్పిండ్రు. రెండు కాళ్లకు ఇత్తడి కడియాలు. అతుకు లేదు, ఊడదీయ సందు లేదు. నేను పడవ కాడికి పోయి ఎనుక సూసిన. నట్టు బిగిచ్చినట్టే ఉంది. సీల నేను వంచినట్టే ఉంది. పంకా లేదు. నట్టు ఇప్పకుంట పంకా ఎట్ల వోతది? ఎంత సదువుకున్నోన్నయిన అడుగు.

ఆ సీల తీసుకొచ్చి జేబుల వేసుకున్న. గిదే. పట్టుకో, అది నిన్నేం జెయ్యది. తడిగుంది గదా? తుడువు. మళ్ల తడే. గోదారి ఎండిన ఏడు గూడ గిట్లనే ఉండె.

ఇన్నేండ్లు ఉత్త తడే. మొన్న ఆ దొర మనుమడు కొత్త మోటరు పడవ కొన్నడట. గప్పటి సంది బొట్లు బొట్లు కారవట్టింది... నీ కాళ్ల కాడ సూడు.