దుప్పటి కింద పాప

ఉదయం ఎనిమిదయింది. కుట్టుమిషను ముందు కూర్చున్న టైలరమ్మకు సూదిలో దారం ఎక్కడం లేదు. చూపంతా బావగారి మీదే ఉంది. భర్తకు అన్నగారైన ఆయన గదంతా తిరుగుతూ కుర్చీ మీది తువ్వాలు ఎత్తి చూశాడు. దిండు ఎత్తి చూశాడు. ఆమె కత్తిరించి పెట్టుకున్న చొక్కా ముక్కల్ని కూడా వదల్లేదు. వారం రోజులుగా ఇదే తంతు. ఎందుకని అడగడానికి ఆమెకు గుండె చాలడం లేదు.

వారం క్రితం, మంచం మీద దుప్పటి కింద నిద్రపోతున్న ఆరు నెలల పాప మీద ఆయన ఉతికిన బట్టలన్నీ తెచ్చి పోశాడు. పాప ఏడుపు సన్నగా, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది. ఆమె పరుగెత్తి బట్టలు లాగేసరికి పాప ముఖం కందిపోయి ఉంది. పాపకేమీ కాలేదు. కాని ఆ సన్నటి ఏడుపు ఆమె చెవుల్లోంచి పోలేదు. పాప నవ్వుతున్నప్పుడు కూడా వినిపిస్తోంది.

ఆయనకు స్కిజోఫ్రెనియా, లేని గొంతులు వినిపించే మనోవ్యాధి. పదిహేనేళ్లుగా మందులు మింగుతూ, ఇంట్లోనే పుస్తకాలకు అట్టలు కట్టుకుంటూ, ఎవరి జోలికీ పోని మనిషి.

ఇప్పుడాయన మంచం దగ్గరికి నడిచి పాప మీది దుప్పటి అంచు పట్టుకున్నాడు.

"ముట్టుకోకండి," అంటూ ఆమె లేచి చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన గోడ దాకా వెనక్కి జరిగిపోయాడు.

తల తుడుచుకుంటూ వచ్చాడు భర్త. "ఏమైంది?"

"బావగారిని చేర్చుకుంటామన్న ఆ మానసిక రోగుల హోముకి ఇవాళే ఫోన్ చెయ్యండి. ఇలా బిక్కుబిక్కుమంటూ నేను బతకలేను."

"నిన్న డాక్టరు ఏం చెప్పాడో చెప్పానుగా. సగం చెరిపేసిన టీకప్పు బొమ్మ చూపిస్తే అన్నయ్య అవి గీతలన్నాడు. బొమ్మంతా చూపిస్తే వెంటనే కప్పు అన్నాడు. కళ్లు బాగానే ఉన్నాయట, కనబడని సగాన్ని మనసు పూరించుకోలేదట. దుప్పట్లో పాప అన్నయ్యకి పాపలా కనబడలేదు."

"అయితే?"

భర్త అన్న వైపు తిరిగాడు. "ఎన్నిసార్లడిగినా చెప్పవేం అన్నయ్యా? అసలా బట్టలు మంచం మీద ఎందుకు పోశావు?"

ఆమె పాప దుప్పటి సర్దుతూ తల తిప్పుకుంది.

"గొంతు పొయ్యమంది," అన్నాడాయన గోడనే చూస్తూ. "ఎన్నో ఏళ్లకి మళ్లీ వచ్చింది. అచ్చం ఈ అమ్మాయి గొంతే. చెప్తే మందు పెంచుతారని చెప్పలేదు. ఈసారి ఏం చేయిస్తుందో. అందుకే బట్ట కనబడితే ఎత్తి చూస్తున్నా, కింద పాప ఉందేమోనని."

ఆమె మిషను వైపు చూసింది.

ఆ రోజు మిషను తొక్కుతూ, తల కూడా తిప్పకుండా, "బావగారూ, ఆ బట్టలు మంచం మీద పడేయండి" అని కేకేసింది తనే. భర్త అడిగినప్పుడు ఆ ఒక్క ముక్కా మింగేసింది.

"ఆ గొంతు నాదే, బావగారూ."

"నన్ను ఊరడించడానికి అంటున్నావమ్మా."

"కాదు. నేనే అన్నాను. పాప అక్కడుందన్న ధ్యాసే లేదు నాకు. అందరూ మిమ్మల్ని అంటుంటే నోరు మూసుకుని కూర్చున్నాను." ఆమె అలాగే నేల మీద కూలబడింది.

బావగారు గోడ మీంచి చూపు తిప్పి ఆమెను చూశాడు. "నిజంగా బయటి గొంతేనా?"

"బయటిదే."

"అయితే అది మళ్లీ రాలేదన్నమాట." ఆయన మోచేత్తో కళ్లు తుడుచుకుని, క్షమించమని ఆమె అడగకముందే దగ్గరికొచ్చి చెయ్యి అందించాడు.

"లే అమ్మా. నేల చల్లగా ఉంది."

ఆ చెయ్యి పట్టుకుని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.