వెనకద్దం మీద మ్యాప్

అద్దానికి ఒక్క గీత పడినందుకు వినుకొండలో ఒక మనిషి ప్రాణం పోయింది. కారు అద్దాలకు ఫిల్మ్ అతికించే మేస్త్రీ.

"ఆ కారు రాజారత్నానిది," అన్నాడు చీఫ్ వెంకట్రామయ్య. "విదేశీ ముఠాకు ఇక్కడి ఏజెంట్. డ్యామ్ సెక్యూరిటీ మ్యాప్‌ని కంటికి కనపడని ఇంకుతో వెనకద్దం లోపలివైపు ముద్రించారు. గీత పడితే మ్యాప్ పనికిరాదు. కొత్త అద్దం మీద మళ్ళీ ముద్రించి, చెరిగిపోకుండా పైన ఫిల్మ్ వేయిస్తున్నారు. సాయంత్రం కృష్ణ దాటిస్తారు."

"కారు పట్టుకుంటే పోలా సార్?" అడిగాడు గూఢచారి ఇర్ఫాన్.

"ముఠాలో మన మనిషి షాహిస్తా ఉంది. మనకు తెలిసిందని పసిగడితే ఆమె బతకదు. మ్యాప్ వాళ్ళ తప్పువల్లే పోయినట్టుండాలి."

చీఫ్ ఒక స్ప్రే బాటిల్ అందించాడు. చూడ్డానికి సబ్బునీళ్ళే. అది తగిలితే ఇంకు అద్దాన్ని వదిలి ఫిల్మ్ జిగురుకు అంటుకుంటుంది.

నరసరావుపేట శివారులో ఓ షెడ్డు. షట్టర్ దించేశారు. లోపల కొత్త మేస్త్రీ వేషంలో ఇర్ఫాన్. రాజారత్నం ఒళ్ళో పిస్టల్. పక్కన పట్టుచీరలో షాహిస్తా. ఇర్ఫాన్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"ఫుల్ బ్లాక్ వెయ్యరా."

"పోలీసులు పీకేస్తారన్నా."

"నా బండి ఆపే మొగోడు పల్నాడులో ఉన్నాడా? ఏందమ్మే, ఉన్నాడంటావా?"

"అంత ధైర్యం ఎవరికుంది సార్!" అంది షాహిస్తా.

ఇర్ఫాన్ ఫిల్మ్‌ను అద్దం బయటివైపు పరిచి కొలతకు కోశాడు. లోపల చీఫ్ ఇచ్చిన స్ప్రే కొట్టి అతికించాడు. ఇక మిగిలింది అంచు. అది లోపలే కోయాలి. బ్లేడుకు అరిగిన పాత మొన విరిచి, కొత్త మొన బయటికి తీశాడు. ఫిల్మ్ కిందకు పలుచని ప్లాస్టిక్ కార్డు జొనిపి, బ్లేడును దాదాపు పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టి లాగాడు. పిస్టల్ మొన మెడకు చల్లగా తగిలింది.

"గీత పడిందో, ఆ మేస్త్రీ పక్కనే నిన్నూ పడుకోబెడతా."

నల్లటి అంచు రిబ్బనులా ఊడి కిందపడింది. రాజారత్నం టార్చి వేసి అద్దమంతా వెతికాడు. గీత లేదు.

"నువ్వూ ఎక్కు. అంచు లేస్తే అతికిద్దువు."

గురజాల దాటాక లాఠీ అడ్డం పడింది. కానిస్టేబుల్‌కు ఖాకీ చొక్కా పొట్ట దగ్గర బిగుసుకుపోయింది. వెంకట్రామయ్య!

"నల్ల ఫిల్మ్ నిషేధమని తెలవదా?"

"ఒరేయ్, నేనెవరో తెలుసా?"

"తెలిస్తే ఆపుతానా అయ్యా?" అంటూనే డిక్కీ తెరిచాడు. గోటితో అంచు లేపాడు.

రాజారత్నం చెయ్యి నడుము దగ్గరికి పోయింది. పిస్టల్ సేఫ్టీ క్యాచ్ టిక్కుమంది.

షాహిస్తా ఆ చెయ్యి పట్టుకుంది. "ఇక్కడ కాలిస్తే ఊరంతా వస్తుంది. ఫిల్మ్ పోతే పోనీండి. అద్దం మనదేగా?"

చెయ్యి ఆగింది. తడారని ఫిల్మ్ ఒక్క లాగుకు ఊడొచ్చింది. కానిస్టేబుల్ దాన్ని చుట్టి జీపులో పడేశాడు.

రాజారత్నం మళ్ళీ టార్చి వేశాడు. అద్దం తళతళలాడింది. ఇర్ఫాన్ భుజం తట్టాడు.

"చానా బాగా కోశావురా. ఇక బస్సెక్కి పో. కృష్ణ అవతల మావాళ్ళకి బండి చూపించి వస్తా. రేపు ఇంతకన్నా నల్లది వేద్దువు."

"మీకు రేపు తీరికుంటే చూద్దామన్నా," అన్నాడు ఇర్ఫాన్.